వరంగల్ ఇంట్లో రాస్ చేప: ఉప్పునీటి రీఫ్ ట్యాంకులో ఎలా పెంచాలి

రాస్ అనే సముద్రపు చేపకు భయమేస్తే రెండే దారులు. కింద ఇసుక ఉంటే తలకిందులుగా అందులోకి దూరిపోతుంది, లేదంటే నీళ్లలోంచి పైకి ఎగురుతుంది. ఈ రెండు అలవాట్లకూ ట్యాంకులో ముందే ఏర్పాటు చేసి, మన ఎండాకాలం సంగతి కూడా తేల్చుకున్నాకే చేప కోసం షాపుకు వెళ్లాలి. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు కొత్తగా రీఫ్ ట్యాంకు, అంటే పగడాలతో కూడిన ఉప్పునీటి ట్యాంకు, పెట్టేవాళ్లలో చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. రంగు నచ్చిందని చేపను తెచ్చేస్తారు, ఆ తర్వాత ఇసుక, మూత, నీళ్లను చల్లబరిచే చిల్లర్ అంటూ పరుగులు పెడతారు. ఆ సామాను సమకూరేసరికి చేప ఉండదు. అందుకే ఇందులో చేపను ఇంటికి తెచ్చే మాట సగం దాటాక గానీ రాదు. ఆ వరుసలోనే చేయండి.

ముందు, ఏ రాస్ కావాలో తేల్చుకోండి

రాస్ అంటే ఒక్క చేప కాదు. లాబ్రిడే అనే ఈ కుటుంబంలో ఐదు వందలకు పైగా జాతులున్నాయి. వేలంత పొడవుండేవీ ఉన్నాయి, రెండు మీటర్లు దాటే నెపోలియన్ రాస్ కూడా ఈ కుటుంబానిదే. షాపులో రెండంగుళాలుగా కనిపించేది పెద్దయ్యాక ఎంతవుతుందో అడగకుండా కొనకూడదు.

మొదటిసారి పెంచేవాళ్లకు నేను చెప్పేది ఎల్లో కోరిస్. పేరులో కోరిస్ ఉన్నా ఇది హాలికోరిస్ క్రైసస్ అనే జాతి. ఒళ్లంతా నిండు పసుపు, వెన్ను రెక్క మీద నల్ల చుక్కలు. పన్నెండు సెంటీమీటర్లకు మించి పెరగదు. నెమ్మదైన చేప, పగడాలను ముట్టుకోదు. పగడాల మీద చేరే చిన్న చిన్న పురుగులను రోజంతా ఏరుకుని తింటుంది. ఇంకొంచెం రంగులు కావాలంటే దాని దగ్గరి చుట్టం మెలనూరస్ రాస్ ఉంది. ఆకుపచ్చ, నీలం చారలతో ఉంటుంది, పెంపకం కూడా దాదాపు ఇలాంటిదే. ఈ రెండూ రాత్రి ఇసుకలో పడుకుంటాయి.

సిక్స్‌లైన్ రాస్ చిన్నది, గట్టిది, ఇసుక అక్కర్లేదు. రాళ్ల సందుల్లో తన చుట్టూ జిగురు పొర అల్లుకుని నిద్రపోతుంది. కానీ ట్యాంకు తనదే అనుకుంటుంది. దాని తర్వాత ఏ చిన్న చేపను వేసినా తరిమి తరిమి చంపేదాకా వస్తుంది. కావాలనుకుంటే అన్ని చేపలూ వేశాక ఆఖరున వేయండి. ఫెయిరీ రాస్, ఫ్లాషర్ రాస్ అందంలో వీటన్నిటినీ మించినవి. మగవి రెక్కలు విప్పి రంగులు మార్చుతూ తిరుగుతుంటే చూడాల్సిందే. అవి నీళ్ల మధ్యలో ఈదుతూ తేలే ఆహారం తింటాయి, ఇసుకలో దూరవు, ఎగరడంలో మాత్రం ముందుంటాయి. ఒక ఏడాది అనుభవం వచ్చాక చూసుకోండి.

వద్దనేవి కూడా చెప్పాలి. తెల్లటి ఒంటి మీద రెండు నారింజ మచ్చలతో ముద్దుగా కనిపించే క్లౌన్ కోరిస్ పిల్ల పెద్దయితే మీటరు దాటుతుంది. మన మన్నార్ గల్ఫ్‌లోనే దొరికే మూన్ రాస్ చూడటానికి బాగుంటుంది గానీ పెద్దదవుతుంది, రొయ్యలనూ చిన్న చేపలనూ బతకనివ్వదు. లెపర్డ్ రాస్ తిండి విషయంలో మహా కష్టం, అనుభవం ఉన్నవాళ్లకే వదిలేయండి. క్లీనర్ రాస్‌ను ఎవరు ఎంత బతిమాలినా కొనకండి. సముద్రంలో అది పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవులను తిని బతుకుతుంది. ఇంటి ట్యాంకులో ఆ తిండి దొరకదు, చాలావరకు చిక్కి చిక్కి చచ్చిపోతుంది. అక్కడ సముద్రంలోనేమో దాని సేవ ఆగిపోతుంది.

ఇక్కడినుంచి ఎల్లో కోరిస్‌ను దృష్టిలో పెట్టుకునే చెబుతాను.

ట్యాంకు, రాళ్లు, ఇసుక

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకు పెట్టుకోండి. సుమారు 240 లీటర్లు పడుతుంది. ఈ చేప ఒక చోట ఉండదు, పగలంతా ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉంటుంది, అందుకే ఎత్తు కంటే పొడవు ముఖ్యం. నీళ్లు, రాళ్లు, ఇసుక, కింద సంప్ (ట్యాంకు నీళ్లు దిగి, శుభ్రమై తిరిగి పైకి వెళ్లే చిన్న తొట్టి), స్టాండు అన్నీ కలిపి నాలుగు వందల కిలోల దాకా తేలుతుంది. కింది అంతస్తయితే చింత లేదు. మేడ మీదయితే స్లాబు మధ్యలో కాకుండా కింద దూలం ఉన్న గోడను ఆనించి పెట్టండి, అనుమానముంటే ఇల్లు కట్టిన మేస్త్రీనో ఇంజినీరునో అడగండి. పడమటి ఎండ పడే గోడ మాత్రం వద్దు.

ముందు రాళ్లు పేర్చండి, తర్వాత ఇసుక పోయండి. ఈ వరుస మారకూడదు. ఇసుక మీద రాళ్లు పెడితే, చేప వాటి కింద దూరి దూరి ఇసుకను కదిలించేస్తుంది, ఒకరోజు రాయి జారుతుంది. కింద చేప ఉంటే నలిగిపోతుంది, అద్దం పక్కన ఉంటే అద్దం పగులుతుంది. రాళ్లు నేరుగా ట్యాంకు అడుగు మీద నిలబడాలి.

రాళ్ల విషయంలో చట్టం తెలుసుకోండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం గట్టి పగడాలన్నీ, సీ ఫ్యాన్లు, నల్ల పగడాలు, సముద్రపు గుర్రాలు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికిచ్చే రక్షణే వాటికీ ఉంది. రామేశ్వరం వైపు నుంచి తెచ్చామంటూ అమ్మే లైవ్ రాక్ (చిన్న జీవులు పట్టిన సముద్రపు రాయి) చాలాసార్లు చనిపోయిన పగడపు ముక్కే. అది ఇంట్లో ఉంచుకోవడం నేరం, పైగా ఆ దిబ్బల నుంచి పెళ్లగించి తెచ్చింది. దాని జోలికి పోకండి. సిరామిక్‌తోనో సిమెంటుతోనో రీఫ్ ట్యాంకుల కోసమే చేసిన రాళ్లు దొరుకుతాయి. మొదట్లో పీక్కుపోయినట్టు తెల్లగా కనిపిస్తాయి, ఏడాదిలో వాటి మీద ఊదా రంగు పొర కడుతుంది. పగడాలకు కూడా మష్రూమ్, జోవాంథిడ్, లెదర్ లాంటి మెత్తటి రకాలతో మొదలుపెట్టండి, బిల్లు తీసుకోండి. కొత్తవాళ్ల చేతుల్లో బతికేవి కూడా అవే.

ఇసుక సన్నని అరగనైట్ (రీఫ్ ట్యాంకుల్లో వాడే సున్నపు ఇసుక) అయి ఉండాలి. గింజ అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు, పరిచిన మందం ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లు. ఈ సైజు ట్యాంకుకు నలభై కిలోలకు పైనే పడుతుంది. ఖర్చు తగ్గుతుందని గోదావరి ఇసుకో, మానేరు ఇసుకో కడిగి పోయవచ్చా అని అడిగేవాళ్లుంటారు. వద్దు. నది ఇసుక గింజలకు అంచులు పదునుగా ఉంటాయి, ఏ మట్టి, ఏ లోహం కలిసి వస్తుందో చెప్పలేం. రోజూ రాత్రి ఆ చేప ఒళ్లంతా అందులో రాసుకుంటూ లోపలికి పోవాలని గుర్తుపెట్టుకోండి. లావు గింజల పగడపు చూర కూడా అంతే, గీరుకుని పుండ్లు పడతాయి.

నీళ్లు

సముద్రం మనకు రెండు వందల కిలోమీటర్లకు పైనే. అంతదూరం నుంచి నీళ్లు తెచ్చుకుందామన్న ఆలోచన మానండి. కృష్ణా, గోదావరి సముద్రంలో కలిసే ఆ తీరంలో వానాకాలం నీటిలో ఉప్పు తగ్గిపోతుంది, ఒండ్రు, పొలాల మందులు కలుస్తాయి. రీఫ్ ట్యాంకుల కోసం తయారైన ఉప్పునే మంచినీళ్లలో కలుపుకోవాలి. వంట ఉప్పు, రాతి ఉప్పు పనికిరావు. వాటిలో సోడియం క్లోరైడ్ తప్ప పగడాలకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం ఉండవు.

ఆ మంచినీళ్లు కూడా నల్లా నుంచి పట్టినవి కాకూడదు. మన బోరు నీళ్లలో టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) వందల్లో చూపిస్తుంది, నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మనకు కావలసింది మీటరు సున్నా చూపించే నీళ్లు. ఇంట్లో తాగే ఆర్‌ఓ మిషన్ ఉంది కదా అనుకోకండి. రుచి కోసం అందులో మినరల్స్ మళ్లీ కలుపుతారు, చివర మీటరు పెడితే యాభయ్యో వందో ఉంటుంది. మెంబ్రేన్ దాటాక, మినరల్ కార్ట్రిడ్జికి ముందు పైపుకు ఒక టీ వేయించి, అక్కడ డీఐ కార్ట్రిడ్జి (మిగిలిన లవణాలను కూడా తీసేసే గొట్టం) తగిలించండి. మిషన్ బాగుచేసే మనిషికి చెబితే అర్థమవుతుంది. బయటకు పోయే వృథా నీళ్లు బకెట్లో పట్టుకుంటే ఇల్లు తుడవడానికి, బాత్రూముకు పనికొస్తాయి.

లీటరుకు సుమారు 36 గ్రాముల ఉప్పు. వారానికి 25 లీటర్లు మారిస్తే దాదాపు 900 గ్రాములు. ముందురోజే కలిపి, చిన్న పంపు వేసి తిప్పుతూ ఉంచండి. సాంద్రత 1.026, అంటే వెయ్యికి 35 వంతులు రావాలి. ఇది రిఫ్రాక్టోమీటరుతో (ఉప్పు శాతం కొలిచే చిన్న పరికరం) చూడాలి, దాన్ని నెలకోసారి 35 వంతుల ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోవాలి. పీహెచ్ 8.1 నుంచి 8.4, అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ లీటరుకు పది మిల్లీగ్రాములు దాటకుండా. పగడాలుంటే ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం, డీకేహెచ్‌లలో కొలుస్తారు) 8 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం లీటరుకు 420 మిల్లీగ్రాముల దగ్గర నిలకడగా ఉంచండి. అంకె కొంచెం అటూఇటూ అయినా పరవాలేదు, రోజుకో తీరుగా మారడమే ప్రమాదం.

నీళ్లు పోసి, చేప వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాను మార్చేసే బాక్టీరియా రాళ్లలో స్థిరపడేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి. బాటిల్‌లో వచ్చే అమ్మోనియా కొద్దిగా వేసి, అది ఒక్కరోజులో నైట్రేట్‌గా మారిపోతుంటే ట్యాంకు సిద్ధమైనట్టు. రాస్‌ను మాత్రం ఇంకో రెండు మూడు నెలల తర్వాత వేస్తే మంచిది. రాళ్ల మీద చిన్న జీవులు పుట్టి పెరగాలి, రోజంతా అది ఏరుకునేది వాటినే.

ఎండాకాలం

ఇదే అసలు పరీక్ష. ఈ చేపకు, పగడాలకు నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 28 దాకా తట్టుకుంటాయి. 30 దాటి రోజుల తరబడి ఉంటే పగడాలు రంగు పోయి తెల్లబడతాయి, చేప పైకి వచ్చి వేగంగా ఊపిరి తీస్తుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్‌లో 42, 43 డిగ్రీలు మామూలే. రామగుండం వైపు ఇంకా ఎక్కువ. మేడ మీద గదిలో మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు 33 దాటడానికి పెద్ద సమయం పట్టదు.

ముందు తేలికైన ఉపాయం. నీటి ఉపరితలం మీదికి రెండు చిన్న ఫ్యాన్లు పెట్టండి. నీళ్లు ఆవిరవుతూ మూడు నాలుగు డిగ్రీలు దిగుతాయి. ఇంట్లో కూలర్ ఏప్రిల్‌లో చల్లగా, జూలైలో ఉక్కగా ఎందుకుంటుందో ఇదీ అందుకే: గాలి పొడిగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. అదృష్టవశాత్తూ మనకు బాగా ఎండలున్న రోజుల్లో గాలి పొడిగానే ఉంటుంది. కానీ రోజుకు ఐదారు లీటర్ల నీళ్లు ఎగిరిపోవచ్చు. ఎగిరేది నీళ్లే, ఉప్పు అక్కడే మిగులుతుంది. కాబట్టి తగ్గినంతా డీఐ నీళ్లతోనే నింపాలి, ఉప్పునీళ్లతో కాదు. రోజూ చేత్తో పోయడం మరచిపోతాం, నీళ్లు తగ్గగానే తనంతట నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టుకోండి.

గది 35 దాటాక ఫ్యాన్లు చాలవు. అప్పుడు చిల్లరో, గదికి ఏసీయో కావాలి. ఈ సైజుకు పావు హెచ్‌పీ చిల్లర్ సరిపోతుంది. ట్యాంకు కింది అలమారలో మూసిపెట్టకండి, అది వదిలే వేడిగాలి అక్కడే తిరిగి నీళ్లనే వేడిచేస్తుంది. కిటికీ పక్కన పెట్టి వేడి బయటకు పోయేలా చూడండి. మార్చి మొదట్లోనే దుమ్ము తుడిచి ఒకసారి నడిపించి చూసుకోవాలి. మే నెలలో చెడిపోతే మెకానిక్ దొరకడు. ఈ ఏడాది చిల్లర్ కొనే స్తోమత లేదనుకుంటే, రాస్‌ను వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. ఈ మాట చెప్పడానికి నాకూ ఇష్టం లేదు, కానీ ప్రాణంతో బేరం ఆడలేం.

ఐసు సీసాల మీద నమ్మకం పెట్టుకునేవాళ్ల కోసం ఒక లెక్క. రెండు లీటర్ల మంచు సీసా పూర్తిగా కరిగినా 250 లీటర్ల నీటిని ఒక డిగ్రీ కూడా దించదు. నాలుగు సీసాలు మార్చిమార్చి వేస్తే మూడు డిగ్రీలు. కరెంటు పోయిన రోజుకు ఫ్రీజర్‌లో నాలుగు ఉంచుకోండి, రోజువారీ పద్ధతిగా పెట్టుకోకండి.

కరెంటు పోతే చేపను ముందు చంపేది వేడి కాదు, ఊపిరాడకపోవడం. ఇన్వర్టర్ మీద చిల్లర్ పెట్టవద్దు, నీళ్లు తిప్పే వేవ్‌మేకర్ ఒక్కటి పెట్టండి. పదిహేను, ఇరవై వాట్లే కాబట్టి మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ రోజంతా లాగుతుంది. ఇన్వర్టర్ లేకపోతే కరెంటు పోగానే తనంతట మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి.

చలికాలానికి 200 వాట్ల హీటర్ కూడా ఉండాలి, ముఖ్యంగా ఆదిలాబాద్, నిర్మల్ వాళ్లకు. అక్కడ డిసెంబరు రాత్రులు పది డిగ్రీల కిందికి దిగుతాయి. హీటర్ 25 దగ్గర, చిల్లర్ 27 దగ్గర పెట్టండి. రెండూ ఒకే అంకె మీద ఉంటే ఒకటి వేడిచేస్తుంటే ఇంకోటి చల్లబరుస్తూ కరెంటు బిల్లు పెంచుతాయి.

మూత

గాజు మూత పెడితే ఎగిరే చేప ఆగుతుంది గానీ ఆవిరి కూడా ఆగిపోతుంది, ఫ్యాన్లు దండగ. మనకు కావలసింది జాలి మూత. ఆరు మిల్లీమీటర్ల కన్నం ఉన్న తెల్లటి నైలాన్ జాలిని ఫ్రేముకు బిగించండి. కిటికీలకు దోమల మెష్ వేసేవాళ్లే చేసిస్తారు. ఇనుప జాలి వద్దు, ఉప్పు తేమకు తుప్పు పట్టి నీళ్లలో రాలుతుంది.

బిగించాక చేతివేళ్లతో అంచులన్నీ తడిమి చూడండి. వైర్లు దిగే మూల, పైపు వచ్చే కంత, తిండి వేయడానికి వదిలిన సందు. రెండు సెంటీమీటర్ల సందు చాలు, అది సరిగ్గా అక్కడినుంచే వెళ్లిపోతుంది. రాత్రి ఒక్కసారిగా గదిలో లైటు వేయడం, తలుపు దబాలున వేయడం లాంటివే ఎక్కువగా దాన్ని ఎగిరేలా చేస్తాయి. నీళ్లు సంప్‌లోకి దిగే చోట కూడా జల్లెడలాంటి అడ్డు ఉండాలి.

చేపను ఎంచుకోవడం

షాపు ట్యాంకుల్లో సాధారణంగా ఇసుక ఉండదు. ఎల్లో కోరిస్ పాపం అక్కడ కూడా దూరడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది, గాజుకు గడ్డం కొట్టుకుంటుంది. అందుకే ముందు కింది దవడ చూడండి. ఎర్రగా గీరుకుపోయి ఉన్నా, పెదవి తెల్లగా ఉబ్బి ఉన్నా వద్దు. తర్వాత పక్క నుంచి వెన్ను చూడండి, వంకర ఉండకూడదు. పొట్ట లోపలికి పీక్కుపోయి ఉండకూడదు. ఊపిరి నెమ్మదిగా తీస్తుండాలి. ఆఖరున, మీ ముందే తిండి వేయమని అడగండి. తినని చేపను ఎంత తక్కువకు ఇచ్చినా తేకండి.

మన దగ్గర ఉప్పునీటి చేపలు అమ్మే చోట్లు తక్కువ, చాలామంది హైదరాబాద్ నుంచే తెచ్చుకుంటారు. వరంగల్ నుంచి కారులో మూడు గంటలు. ఎండాకాలంలో తెల్లవారుజామున బయలుదేరండి. మూతున్న థర్మోకోల్ పెట్టెలో, ఒక వంతు నీళ్లు, రెండు వంతుల ఆక్సిజన్ ఉన్న సంచిలో తేవాలి. పెట్టెలో ఐసు పెట్టాల్సి వస్తే పేపరులో చుట్టి పక్కన పెట్టండి, సంచికి తగలనివ్వకండి.

దగ్గరి నుంచి తెచ్చిన చేపకు డ్రిప్ పద్ధతి మంచిది: సంచిని ఇరవై నిమిషాలు నీటిపై తేలనిచ్చి, తర్వాత సన్న పైపుతో సెకనుకు రెండు మూడు చుక్కలు పడేలా ముప్పావు గంట. చెన్నై, ముంబై నుంచి రైల్లో రాత్రంతా ప్రయాణించి వచ్చిన సంచికి మాత్రం ఇది వద్దు. అందులో అమ్మోనియా చేరి ఉంటుంది. చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ తగ్గి ఉంటుంది కాబట్టి అప్పటిదాకా ఆ అమ్మోనియా పెద్దగా హాని చేయదు. సంచి విప్పగానే పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. వేడి సమానం చేసుకుని, ముందే అదే ఉప్పు శాతానికి తెచ్చిపెట్టుకున్న క్వారంటైన్ ట్యాంకులోకి (కొత్త చేపను విడిగా ఉంచే చిన్న ట్యాంకు) వెంటనే చేపను మార్చేయండి. సంచి నీళ్లు పారబోయండి.

నెల రోజుల క్వారంటైన్

యాభై, అరవై లీటర్ల చిన్న ట్యాంకు, స్పాంజ్ ఫిల్టర్, హీటర్, రెండు పీవీసీ పైపు ముక్కలు, జాలి మూత. ఎల్లో కోరిస్‌కు ఇక్కడ కూడా ఇసుక కావాలి. ప్లాస్టిక్ డబ్బాలో ఏడెనిమిది సెంటీమీటర్ల లోతున ఇసుక పోసి ఒక మూల పెట్టండి. ఇందులో అరగనైట్ వేయకండి, జబ్బు వస్తే వేసే రాగి మందును అది పీల్చేసుకుంటుంది. స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లలో వాడే సన్న సిలికా ఇసుక చాలు.

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే ఇక్ అనే జబ్బు. సన్నని దుమ్ములా పట్టి, చేప రొప్పుతుంటే వెల్వెట్ అనే జబ్బు. వెల్వెట్ రెండు మూడు రోజుల్లో ప్రాణం తీస్తుంది, ఆలోచించే సమయం ఇవ్వదు. రెండింటికీ రాగి మందు పనిచేస్తుంది. రాస్ జాతులకు అది కొంచెం ఘాటు, కాబట్టి మోతాదును నాలుగైదు రోజుల్లో నెమ్మదిగా పెంచాలి, రోజూ టెస్ట్ కిట్‌తో కొలవాలి. కొలిచే కిట్ లేకుండా రాగి వేయకండి. అసలు ట్యాంకులో ఎప్పుడూ వేయకండి, పగడాలు, నత్తలు, రొయ్యలు అన్నీ పోతాయి. ఒంటి మీద పురుగులున్నాయని అనుమానమైతే డీఐ నీళ్లను అదే వేడికి తెచ్చి, చిటికెడు వంటసోడాతో పీహెచ్ సరిచేసి, అందులో నాలుగైదు నిమిషాలు ఉంచి తీయండి. పక్కనే నిలబడి చూడాలి, చేప పక్కకు ఒరిగితే వెంటనే తీసేయాలి.

ఈ నెల దాటవేస్తే అసలు ట్యాంకులో ఇక్ చేరుతుంది. ఇక అప్పుడు చేపలన్నీ తీసి, ట్యాంకును రెండున్నర నెలలు చేపలు లేకుండా వదిలేయడమే మందు.

ట్యాంకులోకి వదిలాక

సాయంత్రం లైట్లు తగ్గించి వదలండి. చాలావరకు నిమిషంలోపే ఇసుకలోకి దూకుతుంది. కొంచెం ఇసుక లేస్తుంది, అంతే, చేప మాయం. మర్నాడు రాదు. ఆ మర్నాడు కూడా రాకపోవచ్చు. ఇక్కడే అందరికీ టెన్షన్ మొదలవుతుంది, గరిటె పెట్టి ఇసుక తవ్వుతారు. అలా తవ్వితే చేపకు గాయమైనా అవుతుంది, భయంతో ఇంకో వారం లోపలే ఉండిపోతుంది. దాని ఒంట్లోని గడియారం ఇంకా తన సముద్రం వేళల మీదే నడుస్తోంది. మధ్యాహ్నానికే నిద్రవేళ అనుకోవచ్చు, మీరు ఆఫీసుకు పోయాక బయటకు వచ్చి ఉండొచ్చు. వారం దాకా తొందరపడకండి. ముందు మూత, నేల, స్టాండు వెనక, సంప్ చూసుకోండి. అక్కడెక్కడా లేకపోతే ఇసుకలోనే ఉంది. అమ్మోనియా రోజూ కొలవండి. సున్నాగా ఉంటే వేచి చూడండి. పెరిగితేనే వెతకాలి.

కుదురుకున్న చేప రోజువారీ తీరు చూడటానికి ఎంతో బాగుంటుంది. ఉదయం లైటు వెలిగిన కాసేపటికి ఇసుకలోంచి ముందు మూతి కనిపిస్తుంది. తర్వాత రెండు కళ్లు. ఆ కళ్లు దేనికదే తిరుగుతూ అటూ ఇటూ చూస్తాయి. ఏమీ లేదనుకున్నాక ఒక్క విదిలింపుతో బయటపడి, ఒంటి మీది ఇసుక రాలుతుండగా ముందు రెక్కలు ఆడిస్తూ రాళ్ల వైపు పోతుంది. సాయంత్రం లైట్లు ఆరడానికి అరగంట ముందే అలవాటైన మూలకు వచ్చి చేరుతుంది. కాబట్టి లైట్లకు టైమర్ పెట్టండి, రోజూ ఒకే వేళకు ఆరాలి. చేప ఇసుకలోకి పోకముందే చటుక్కున చీకటి చేస్తే బెదిరిపోతుంది. ఇసుక చిమ్ముతుంది కాబట్టి మష్రూమ్ పగడాలను కింద కాకుండా రాళ్ల మీద అతికించండి.

తిండి

రాస్ చేపలకు జీర్ణాశయం ఉండదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది, దాచుకునే చోటు లేదు. అందుకే రోజుకోసారి బాగా వేయడం కంటే కొద్దికొద్దిగా మూడుసార్లు వేయడం మేలు. గడ్డకట్టించి అమ్మే మైసిస్ అనే చిన్న రొయ్యల్లాంటి జీవులు ప్రధానంగా, మధ్యమధ్య బ్రైన్ ష్రింప్ అనే ఇంకో రకం. ఐసు ముక్కను గిన్నెలో కరిగించి, వల గంటెలో కడిగి వేయండి, ఆ నీళ్లు ట్యాంకులోకి పోతే ఫాస్ఫేట్ పెరుగుతుంది. ఫ్రోజెన్ తిండి అందనప్పుడు చేపల మార్కెట్లో తాజా రొయ్యలు తెచ్చి, పొట్టు తీసి, రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కలుగా తరిగి పల్చగా గడ్డకట్టించుకోవచ్చు. ఉప్పు, పసుపు తగలకూడదు. ఎండు రొయ్యలు వద్దు. నెమ్మదిగా ఒక మిల్లీమీటరు గుళికలు అలవాటు చేస్తే ఊరెళ్లినప్పుడు పనికొస్తుంది.

తోటి చేపల్లో క్లౌన్ ఫిష్, గోబీ, బ్లెనీ, క్రోమిస్‌లతో గొడవ ఉండదు. చిన్న నత్తలు, అలంకరణ రొయ్యలు దీని తిండి జాబితాలోనే ఉన్నాయి, గొంతులోని దవడలతో నత్త చిప్పను పగలగొడుతుంది. రెండు మగ చేపలను కలిపి వేయకండి. గుంపు కావాలంటే చిన్నవాటిని రెండు మూడు ఒకేసారి వేయండి. ఈ జాతిలో అన్నీ ముందు ఆడవిగానే మొదలవుతాయి, పెద్దది కొన్నాళ్లకు మగదిగా మారుతుంది.

ఊరెళ్లేటప్పుడు

సద్దుల బతుకమ్మకో, మేడారం జాతరకో ఇల్లు తాళం వేసి నాలుగు రోజులు పోవాల్సి వస్తుంది. వారం ముందే ఆటో ఫీడర్‌లో గుళికలు పోసి, చేప తింటోందా లేదా చూసుకోండి. వెళ్లే ముందురోజు నీళ్లు మార్చకండి, కొత్తగా ఏ పరికరమూ బిగించకండి. టాప్ ఆఫ్ డబ్బా నిండుగా నింపండి. పక్కింటివాళ్లకు తాళం ఇస్తే, రోజుకు వేయాల్సిన తిండిని మాత్రలు పెట్టుకునే డబ్బాలో రోజువారీగా సర్ది ఇవ్వండి, మిగతా ప్యాకెట్టు దాచేయండి. ప్రేమతో ఎక్కువ వేస్తారు, నీళ్లు పాడవుతాయి. ట్యాంకు పక్కన ఒక కాగితం అంటించండి: వేవ్‌మేకర్ స్విచ్ ఏది, థర్మామీటర్ 29 దాటితే ఎవరికి ఫోన్ చేయాలి, ఐసు సీసాలు ఎక్కడున్నాయి. చేప కనిపించకపోతే ఇసుకలో వెతకవద్దని కూడా అందులో రాయండి.